ఎవరి కర్మ ఏ కప్పకు?

రోహిణి ఎండలు మాడ్చి, మిరుగం పేరుకే వచ్చి, ఆరుద్ర కూడా చుక్క రాలకుండా దాటిపోతుంటే ఉత్తర తెలంగాణ పల్లెల్లో కప్పతల్లి ఆట మొదలవుతుంది. ఒక కప్పను పట్టి, వేపమండలతో కలిపి గుడ్డలో చుట్టి, రోకలి నడుమ కడతారు. రోకలి కొసలు ఇద్దరి భుజాల మీద ఉంటాయి. వెనక పిల్లలూ ఆడవాళ్లూ పాట అందుకుంటారు. వాకిట్లో ఆగినప్పుడల్లా ఆ ఇంటావిడ బిందెడు నీళ్లు తెచ్చి కప్ప మీద గుమ్మరిస్తుంది, చాటలో ఇన్ని గింజలు తెచ్చి పోస్తుంది. పెద్దపల్లి, మంథని, మంచిర్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి బొగ్గుబాయి కొలువుకు వచ్చి గోదావరిఖనిలో స్థిరపడ్డ కుటుంబాల్లో పెద్దవాళ్లకు ఈ ఆట బాగా ఎరుకే.

ఇందులో వాన కావలసింది ఊరికి, అడిగేది మాత్రం కప్ప. వానదేవుడి దగ్గర తమ మాటకంటే కప్ప మాటే చెల్లుతుందని ఊరు ఊరంతా ఒప్పుకుంటోందన్నమాట. ఋగ్వేదం ఏడో మండలంలోని మండూక సూక్తం నిలిచింది కూడా ఇలాంటి నమ్మకం మీదే. ఏడాదంతా వ్రతం పట్టినట్టు మౌనంగా పడి ఉన్న కప్పలు పర్జన్యుడు కదలగానే గొంతు విప్పుతాయని చెబుతూ, ఆ సూక్తం వాటిని సోమయాగంలో కూర్చున్న బ్రాహ్మణులతో పోల్చింది. పురోహితుల మీద వేళాకోళమే ఇదని పాశ్చాత్య పండితులు కొందరు అనుకున్నారు. నిరుక్తం రాసిన యాస్కుడు చెప్పింది వేరు. వాన కోరి వసిష్ఠుడు పర్జన్యుణ్ణి స్తుతిస్తుంటే కప్పలు ఔనౌనని వంత పాడాయట. సంతోషించిన ఋషి ఆ కప్పలనే స్తుతించాడట.

చిక్కేమిటంటే, కప్ప చేత వాన అడిగించే ఈ గోదావరి లోయే ఆకాశాన్ని వేడెక్కించే బొగ్గును కూడా తవ్వి పోస్తోంది. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ పట్టాడు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ నమోదైంది. 2023-24లో ఆ సంస్థ తీసిన బొగ్గు దాదాపు 7 కోట్ల టన్నులు. రామగుండంలో 1983 నుంచి పెరుగుతూ వచ్చిన ఎన్టీపీసీ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. టన్ను బొగ్గు కాలితే, దాని రకాన్ని బట్టి, టన్నున్నరకు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ వేడికి ఉన్న చోటు వదిలిపోవాల్సి వచ్చే జీవుల్లో కప్పది ముందు వరుస. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని తరతరాలుగా చెప్పుకుంటున్న నేల మీద ఈ ప్రశ్న ఊరికే పోయేది కాదు. కప్ప ఏం చేసుకుంది?

ముందు కప్ప కష్టమేమిటో చూడాలి. కప్పకు చర్మం కూడా ఊపిరితిత్తి లాంటిదే. తడిగా ఉన్నంతసేపే ఆ చర్మం గుండా గాలి లోపలికి పోతుంది. ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకునే శక్తి దానికి లేదు, చుట్టూ ఎంత వేడి ఉంటే లోపలా అంతే. గుడ్డుకు పెంకు ఉండదు, నీళ్లు తగ్గితే గుడ్డు ఎండిపోతుంది. అందుకని ప్రతి జాతికీ భూమ్మీద ఇంత వేడి, ఇంత తడి ఉన్న చోటంటూ ఒక ఎల్ల ఉంటుంది. వేడి పెరిగితే ఆ ఎల్ల జరుగుతుంది. దాని వెంట కప్ప జరగగలదా లేదా అన్నదే అసలు సంగతి.

జరిగిన దాఖలాలున్నాయి. మడగాస్కర్‌లోని త్సారతానానా పర్వతం మీద 1993లో ఒకసారి, 2003లో మరోసారి కప్పలనూ బల్లి జాతులనూ లెక్కించారు. మొత్తం 30 జాతులను పోల్చి చూస్తే పదేళ్లలో సగటున 19 నుంచి 51 మీటర్ల దాకా కొండ పైకి జరిగినట్టు తేలింది. పెరూ దేశపు ఆండీస్‌లో హిమానీనదాలు కరిగి వెనక్కిపోయిన చోట కొత్త మడుగులు పుట్టాయి. వాటిని వెతుక్కుంటూ కప్పలు 5,200 మీటర్ల పైకి ఎక్కాయి. వాటి వెనకే, చర్మాన్ని తినేసే కైట్రిడ్ బూజు కూడా అంత ఎత్తుకూ చేరింది. కోస్టారికాలోని మాంటెవెర్డే మబ్బు అడవిలో బంగారు గోండ్రుకప్పకు ఎక్కడానికి ఇక పైన కొండ లేదు. 1987లో 1,500కు పైగా కనిపించిన ఆ కప్ప 1989లో ఒక్కటంటే ఒక్కటి కనిపించింది. ఆ తర్వాత మళ్లీ ఎవరి కంటా పడలేదు. కరువు వల్లనా, బూజు వల్లనా, రెండూ కలిసా అని శాస్త్రవేత్తలు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

2023 అక్టోబరులో నేచర్ పత్రికలో వచ్చిన ప్రపంచ అంచనా 8,011 ఉభయచర జాతులను పరిశీలించింది. ప్రతి ఐదింటిలో రెండు అంతరించే ముప్పులో ఉన్నాయి. 2004 నుంచి 2022 దాకా పరిస్థితి దిగజారిన జాతుల్లో 39 శాతానికి వాతావరణ మార్పే ప్రధాన కారణం.

ఇప్పుడు రామగుండం కప్ప దగ్గరికి వద్దాం. పాఠ్యపుస్తకం ప్రకారం వేడెక్కే లోకంలో జీవికి రెండు దారులు. ఒకటి కొండ ఎక్కడం, రెండోది ధ్రువం వైపు, అంటే మనకైతే ఉత్తరానికి, పోవడం. కొండ ఎక్కితే ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీ చల్లబడుతుంది. కానీ గోదావరి లోయ పళ్లెంలా పరుచుకున్న నేల. ఇక్కడ కనిపించే ఎత్తయిన గుట్టల్లో చాలావరకు ఓపెన్‌కాస్టు గనుల పక్కన పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) డంపులు. పైమట్టి, రాయి, బండ కలగలిసిన ఆ గుట్టల మీద తడి నిలవదు, నీడ ఉండదు. ఇక ఉత్తరానికి పోదామంటే ఎదురయ్యేది చంద్రాపూర్, ఆపైన నాగపూర్. మే నెలలో అవి రామగుండాన్ని మించిన కొలుములు. పైగా చంద్రాపూర్‌దీ బొగ్గు బతుకే. యూరప్ కప్పకు పనికొచ్చే సూత్రం ఇక్కడి కప్పను పొయ్యిలోంచి తీసి నిప్పుల్లో వేస్తుంది.

వేగం సంగతీ ఉంది. అలవాటైన వేడి వెంటే పోవాలంటే ఈ శతాబ్దంలో జీవులు ఏడాదికి సగటున 0.42 కిలోమీటర్ల చొప్పున కదలాలని 2009లో ఒక పరిశోధక బృందం లెక్కకట్టింది. కొండల్లో ఆ వేగం తక్కువ, ఎందుకంటే నాలుగడుగులు పైకి వేస్తే సరిపోతుంది. చదునైన నేల మీద ఎక్కువ. గోదావరిఖని చుట్టూ ఉన్న కప్ప అంత దూరం పోవాలంటే దారిలో బొగ్గు లారీల రోడ్లు, రైలు కట్టలు, గనుల గోతులు దాటాలి. ఉత్తరాన, నది అవతల, కవ్వాల్ అభయారణ్యం కొండలున్నాయి. దాన్ని 2012లో పులుల కోసం ప్రకటించారు. కప్పకు నక్షా ఇచ్చి అటు పంపేవారు లేరు.

అందుకే ఇక్కడి కప్పల్లో కొన్ని అడ్డంగా పోవడం మాని నిలువుగా పోతాయి. స్ఫెరోథెకా అనే లావుపాటి కప్పను తెలుగు పల్లెల్లో చాలామంది వానాకాలంలో చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. దాని వెనక పాదాల అడుగున పార అంచులా గట్టి ఒరుపు ఉంటుంది. కూర్చున్న చోటే ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ, కాళ్లతో మట్టిని పక్కలకు తోస్తూ, ముందు పిర్రలు, తర్వాత నడుము, చివరకు కళ్లు లోపలికి దిగిపోతాయి. కాసేపటికి పైన మట్టి కప్పుకుపోతుంది. అక్కడ ఒక కప్ప ఉందన్న గుర్తు కూడా మిగలదు. నెలల తరబడి అది అలాగే తిండి లేకుండా, ప్రాణం బిగబట్టుకుని ఉంటుంది. తొలి గట్టి వానకు పైకొస్తుంది. అదే రాత్రి బోదురు కప్పల్లో మగవి బురద రంగు విడిచి పసుపు పచ్చగా మారతాయి. చెంపల కింద నీలం సంచులు పొంగించి అరుస్తాయి.

ఈ బతుకంతా వాన మాట మీద నడిచేది. తొలకరికి నిలిచిన నీటి గుంటలో గుడ్లు పడితే, తోకకప్పలు కాళ్లు తొడిగి బయటికి రావడానికి జాతిని బట్టి మూడు నాలుగు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. ఈలోగా వానలు మొహం చాటేస్తే గుంట ఎండుతుంది, సంతానం మొత్తం బురదలో అంటుకుపోతుంది. ఒకేసారి కుండపోత పోస్తే గుడ్లు వాగులో కొట్టుకుపోతాయి. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానల ఘటనలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలయ్యాయని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. 2022 జులైలో గోదావరి ఉగ్రరూపం ఎలా ఉంటుందో మంచిర్యాల, మంథని చూశాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మనుషులకు గుర్తుండే లెక్కలు అవి. ఆ ఏడాది ఆ లోయలో గుడ్డు దశలోనే పోయిన కప్పలకు లెక్కలుండవు.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డు తగులుతాడు. యుగాలు మారుతుంటే జీవరాసులు పుడుతుంటాయి, పోతుంటాయి. కాలమే అన్నింటినీ మింగుతుంది, దీనికింత బాధ దేనికంటాడు. ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. ఎందుకంటే అందుకు సాక్ష్యం ఈ లోయలోనే ఉంది.

సింగరేణి బొగ్గు పర్మియన్ యుగం నాటిది. పాతిక కోట్ల ఏళ్లకు పైబడ్డ సరుకు. అప్పుడు ఈ భూభాగం దక్షిణార్ధగోళంలో, గోండ్వానా ఖండంలో ఉండేది. బొగ్గు పొరల కింద తాల్చీరు రాళ్లలో మంచుయుగపు ఆనవాళ్లున్నాయి. మంచు కరిగాక ఏర్పడ్డ చిత్తడి అడవుల్లో గ్లోసోప్టెరిస్ చెట్లు పెరిగి, పడి, మట్టిలో కూరుకుపోయి బొగ్గయ్యాయి. ఇంకా పైకొస్తే, ఉమ్మడి ఆదిలాబాద్‌లోని మలేరి పేరుతో పిలిచే ట్రయాసిక్ ఎర్రమట్టి పొరల్లో ఒక భారీ ఉభయచరం ఎముకలు దొరికాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త టి. రాయ్‌చౌధురి దాన్ని 1965లో వర్ణించారు. ఇప్పుడు దాని పేరు పాంథాసారస్ మలేరియెన్సిస్. చదునైన వెడల్పాటి తలతో, మొసలి పనిని మొసలి రాకముందే చేస్తూ, 22 కోట్ల ఏళ్ల నాడు ఇక్కడి నదుల్లో పొంచి ఉండేది. దాని చుట్టాల ఎముకలు పోలండ్‌లో, జర్మనీలో, మొరాకోలో, టెక్సస్‌లో దొరుకుతున్నాయి. ఖండాలన్నీ కలిసి ఉన్న కాలంలో వాటి ఎల్ల అంత విశాలం. ట్రయాసిక్ ముగిసేసరికి ఆ వంశమే లేదు.

కాబట్టి కాలం మింగుతుందన్న మాట నిజమే. అయితే పాంథాసారస్ పోవడానికి కర్త లేడు. అగ్నిపర్వతాన్నో ఖండాల కదలికనో నిలదీసే ధర్మశాస్త్రం ఏ మతంలోనూ లేదు. మలేరి నదుల్లో ఒక వంశం చెల్లిపోవడానికి పట్టిన కాలాన్ని లక్షల ఏళ్లలో కొలవాలి. ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఒక సింగరేణి కార్మికుడి సర్వీసుతో కొలవచ్చు. తండ్రి తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు ఎత్తిన రోజుకూ కొడుకు డంపర్ నడిపే రోజుకూ మధ్య ఆకాశం మారిపోయింది. 2024 పారిశ్రామిక యుగానికి ముందటి సగటుకన్నా 1.5 డిగ్రీలు మించిన తొలి సంవత్సరమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. దీనికి కర్త ఉన్నాడు. కర్త ఉన్నచోట కర్మ ఉంటుంది. కర్మ ఉన్నచోట ఫలం ఎవరిదన్న తగవూ ఉంటుంది.

భారతీయ తర్కంలో ఈ తగవుకు పాత పేర్లే ఉన్నాయి. చేసిన పనికి ఫలం దక్కకుండా పోతే కృతనాశం. చేయని పనికి ఫలం వచ్చి మీద పడితే అకృతాభ్యాగమం. ఏ సిద్ధాంతమైనా ఈ రెంటిలో దేనికి దారితీసినా అది దోషమని బౌద్ధులూ జైనులూ నైయాయికులూ వేదాంతులూ ఒకరి మీద ఒకరు ఆక్షేపణ తెచ్చేవారు. వాతావరణ మార్పులో ఆ రెండు దోషాలూ నిజంగానే నడిచి వచ్చాయి. కాల్చినవాడికి కరెంటు దక్కింది, వేడి దక్కలేదు. దక్కినా ఏసీ ఉంది. ఏమీ కాల్చని కప్పకు వేడి మాత్రమే దక్కింది.

కర్మవాది దగ్గర దీనికి సిద్ధంగా ఒక జవాబుంది. కప్ప పూర్వజన్మలో ఏదో చేసే ఉంటుంది, అందుకే కప్పయింది. ఇది పైపైన తీసిపారేసే జవాబు కాదు. జైన ఆగమాల్లోని జ్ఞాతాధర్మకథలో సరిగ్గా ఇలాంటి కప్ప కథ ఒకటుంది. రాజగృహంలో నందుడనే రత్నాల వర్తకుడు ఊరి మేలు కోరి పెద్ద కోనేరు తవ్వించాడు. నాలుగు వైపులా తోటలు, చిత్రశాల, అన్నసత్రం, వైద్యశాల కట్టించాడు. జనం మెచ్చుకున్నారు. అతడు ఆ మెప్పులో మునిగి, ఆ కోనేటి మీద మమకారం చంపుకోలేక జబ్బుపడి పోయాడు. అదే కోనేట్లో కప్పగా పుట్టాడు. గట్టు మీద స్నానాలకు వచ్చినవాళ్లు దీన్ని కట్టించిన పుణ్యాత్ముడు నందుడని చెప్పుకుంటుంటే విని కప్పకు పూర్వజన్మ గుర్తొచ్చింది. మహావీరుడు ఊరికి వచ్చాడని తెలిసి దర్శనానికి గెంతుతూ బయల్దేరింది. దారిలో శ్రేణిక మహారాజు పరివారంలోని గుర్రం డెక్క కింద పడి నలిగింది. ఆ క్షణాన మనసులోనే వ్రతం పట్టి దేవుడై పుట్టింది.

బౌద్ధుల విమానవత్థులోనూ దీనికి తోబుట్టువు లాంటి కథ ఉంది. చంపానగరంలో గగ్గర కొలను ఒడ్డున బుద్ధుడు ధర్మం చెబుతుంటే ఒక కప్ప నీళ్లలోంచి వచ్చి ఆ గొంతు వింటూ కూర్చుంది. ఒక పసులకాపరి నిలబడి వినడానికి కర్ర ఆనించుకుంటే ఆ కర్ర కొస కప్ప తల మీద దిగింది. కప్ప చచ్చి స్వర్గంలో దేవపుత్రుడైంది. ఈ రెండు మతాలూ ఇక్కడికి పరాయివి కావు. పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉంది. కరీంనగర్ పక్క కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో వేయించిన జైన శాసనం ఉంది.

రెండు కథలనూ పక్కపక్కన పెడితే, కప్ప ఎందుకు కప్పయిందన్న దాని మీద కథకులు ఎక్కువసేపు నిలవలేదని తెలుస్తుంది. వాళ్ల చూపంతా కప్ప ఎటు పోతోంది, దారిలో ఏం జరిగింది అన్న దాని మీదే. పూర్వకర్మ వల్లే కప్పయిందని ఒప్పుకున్నా గుర్రం తొక్కడం సబబైపోదు. రెండు చోట్లా చంపినవాడికి చంపాలన్న తలంపు లేదు. మరి వాడికి పాపం ఉందా లేదా?

ఇక్కడే జైనులూ బౌద్ధులూ గట్టిగా తగువుపడ్డారు. చేతనే, అంటే సంకల్పమే, కర్మ అని బౌద్ధులు. తలంపు లేకపోతే పాపం అంటదు. జైనుల సూత్రకృతాంగం ఈ వాదాన్ని నవ్వులపాలు చేసింది. మనిషనుకుని గానుగపిండి ముద్దను శూలానికి గుచ్చితే హత్య, పిండిముద్ద అనుకుని మనిషిని గుచ్చితే హత్య కాదా అని నిలదీసింది. ప్రాణం పోయాక నీకు తెలుసా తెలియదా అన్నది తర్వాతి మాటని జైనుల పట్టు. అందుకే వాళ్ల మునులకు ఈర్యా సమితి అనే నియమం. ముందున్న నాలుగు మూరల నేలను చూసుకుంటూ నడవాలి. చూసుకోకుండా నడవడమే హింస.

బొగ్గు విషయంలో ఈ తగవు పుస్తకాల్లోది కాదు. విలియం కింగ్‌కు కప్పను వేడెక్కించాలన్న తలంపు ఉందని ఎవరూ అనరు. 1871లో ఆ వేడి లెక్కే ఎవరికీ తెలియదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లో తొలిసారి లెక్క వేశాడు. వేడి నిజంగా పెరుగుతోందని బ్రిటిష్ ఇంజనీరు కాలెండర్ 1938లో చూపించాడు. 1988లో వాతావరణ మార్పును మదింపు చేసే అంతర్ ప్రభుత్వ సంఘం ఐపీసీసీ ఏర్పడింది. 1992లో రియో సదస్సులో వాతావరణ ఒప్పందం మీద చాలా దేశాలు సంతకాలు పెట్టాయి. బౌద్ధ కొలమానంతో చూస్తే 1871 నాటి తవ్వకం నిర్దోషం, 1992 తర్వాతి తవ్వకం కాదు. జైన కొలమానంతో రెండూ దోషమే, కాకపోతే రెండోది మరింత బరువు.

ఈ ఇద్దరూ ఒకచోట మాత్రం కలుస్తారు. ఆ చోటు వానాకాలం. తొలిరోజుల్లో బౌద్ధ భిక్షువులు ఏడాది పొడవునా తిరిగేవారు. వానల్లో పచ్చగడ్డి తొక్కుతూ, సన్న జీవుల ప్రాణాలు తీస్తూ ఈ సన్యాసులు తిరుగుతున్నారేమిటి, పక్షులు సైతం వానల్లో గూడు కట్టుకుని ఉంటాయే అని జనం గొణిగారు. ఆ గొణుగుడు విని బుద్ధుడు వర్షావాసం నియమం పెట్టాడని వినయపిటకం చెబుతుంది. మూడు నెలలు ఒకేచోట ఉండాలి. జైనుల చాతుర్మాస్యానికీ మూలం ఇదే జాగ్రత్త. ఇక్కడ భిక్షువుల తలంపు మంచిదే, తిరిగేది ధర్మం చెప్పడానికే. అయినా, జరుగుతున్న హాని చెవిన పడ్డాక మంచి తలంపు సాకుగా చెల్లలేదు, నడక మార్చుకోవాల్సి వచ్చింది. సంకల్పవాదులే ఈ నియమం పెట్టుకోవడం విశేషం. అదీ చేతులు కట్టుకు కూర్చునే నియమం కాదు. ఏ కాలంలో, ఏ జీవి కోసం, ఎంతకాలం ఆగాలో విడమరచిన నియమం.

బొగ్గు కాలనీల్లో గుడులతో పాటు చర్చీలూ మసీదులూ ఉన్నాయి. బైబిల్లోని నిర్గమకాండంలో ఫరో గుండె కరగకపోతే నైలు కప్పలు నది విడిచి పడకల మీదికీ పొయ్యిల్లోకీ పిండి తొట్లలోకీ వస్తాయి. కప్ప తన చోటు విడిచిందంటే పాలకుడు మొండికేశాడన్న గుర్తు. మందులో వేయడానికి కప్పను చంపవచ్చా అని ఒక వైద్యుడు అడిగితే ప్రవక్త వద్దన్నట్టు హదీసు ఉంది. మహాభారతం అరణ్యపర్వంలో, ప్రియురాలు కప్పల వల్ల పోయిందనుకున్న ఇక్ష్వాకు రాజు పరీక్షిత్తు కనిపించిన కప్పనల్లా చంపమని ఆజ్ఞ ఇస్తాడు. కప్పల రాజు తాపసి వేషంలో వచ్చి కోపం వదలమని వేడుకుంటాడు. ఆ తాపసి చెబితే తప్ప, తన దుఃఖం ఎవరి మీద కూలుతోందో రాజు కంటికి ఆనలేదు.

రాజు ఎవరన్నది బొగ్గు ప్రాంతంలో తేల్చడం అంత సులువు కాదు. మూడో షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడిని నిలబెట్టి నీవల్లే కప్ప పోతోందని చెప్పడం అన్యాయం. 1990 ప్రాంతంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. గనికి భూమి ఇచ్చి ఊరు వదిలిన రైతు కూడా ఒక విధంగా ఎల్ల చెరిగిపోయిన జీవే. రామగుండం కరెంటుతో వెలిగే దీపాలు దక్షిణాది రాష్ట్రాలన్నింటా ఉన్నాయి. కర్మ ఒక్క మనిషి పద్దు అనుకుంటే ఈ లెక్క తెగదు. అంతకంటే రుణం, యజ్ఞం అన్న పాత ఆలోచనే ఇక్కడ పనికొస్తుంది. గృహస్థు రోజూ చేయాల్సిన పంచమహాయజ్ఞాల్లో ఒకటి భూతయజ్ఞం. తినేముందు ఇంత అన్నం పశుపక్ష్యాదులకూ పురుగుకూ పెట్టాలి. పాపం చేశావని రుజువైతేనే పెట్టమని అక్కడ లేదు. పొయ్యి వెలిగించినందుకే పెట్టాలి. పొయ్యి ఎంత పెద్దదైతే భూతాల వాటా అంత.

ఆ వాటా ఏ రూపంలో ఇవ్వాలి? కప్పను మనమే తీసుకుపోయి చల్లని చోట వదిలితే సరి అనిపించవచ్చు. కానీ మనుషులతో పాటు అండమాన్ చేరిన మన బోదురు కప్ప అక్కడి చిన్న జీవులను మింగుతోంది. చెరకు పురుగులు తింటుందని 1935లో ఆస్ట్రేలియాకు తెచ్చిన కేన్ టోడ్ ఇప్పటికీ ఏటా కొత్త నేలను ఆక్రమిస్తోంది, దాన్ని తిని విషమెక్కి అక్కడి జీవులు చస్తున్నాయి. దయ కూడా ముందు నాలుగు మూరలు చూసుకునే నడవాలి.

కప్పను మోసుకుపోవడం కంటే దానికి దారి విడవడం మేలు. గొలుసుకట్టు చెరువులు ఈ నేలకు కాకతీయుల నాటి నుంచి ఉన్నవే. మిషన్ కాకతీయ పథకం కింద పూడిక తీయడానికి 46 వేలకు పైగా చెరువులను లెక్కకట్టారు. చెరువుకూ చెరువుకూ మధ్య పంటకాలువ, గడ్డి గట్టు, వానకు నిలిచే చిన్న కుంట మిగిలితే కప్పల తరాలు ఒకదాని తర్వాత ఒకటి ఆ దారిన కదలగలవు. ఓపెన్‌కాస్టు తవ్వి వదిలిన గోతుల్లో నీళ్లు చేరి లోతైన మడుగులవుతున్నాయి. వాటి గట్లు నిట్టనిలువుగా ఉంటే కప్పకు అందులో దిగడమే కానీ ఎక్కడం ఉండదు. గుడ్లకు కావాల్సింది మోకాలి లోతు నీళ్లు, గడ్డి ఉన్న వాలు. గని మూసేటప్పుడు ఏం చేయాలో తవ్వకానికి ముందే రాసిపెట్టాలనీ, దానికి ఏటా డబ్బు ఎస్క్రో ఖాతాలో వేయాలనీ కేంద్ర బొగ్గు శాఖ 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. తీసుకుంటూనే తిరిగి ఇచ్చేది పక్కన పెట్టడమన్న ఆలోచన ఇందులో ఉంది.

2022లో ఎన్టీపీసీ రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు నడక మొదలైంది. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గోతిలో పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ కేంద్రం పెట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. బొగ్గు మానుకునే దారిలో ఇవి మంచి అడుగులే. అయితే పంప్డ్ స్టోరేజ్‌లో పగలు పైకి తోడిన నీళ్లు రాత్రి కిందికి దూకుతాయి. మట్టం రోజూ లేస్తుంది, పడుతుంది. రాత్రి గోతి అంచున పెట్టిన కప్ప గుడ్లు మర్నాటి సాయంత్రానికి నీళ్లు లేక గట్టున వేలాడతాయి. పక్కనే, పెద్ద మడుగుతో సంబంధం లేకుండా వాననీటితో నిండే కుంటలు నాలుగైదు వదిలితే ఆ ఇబ్బంది తీరుతుంది. 1871 నాటివారికి ఈ సంగతి తెలియదు. మేడిపల్లి నక్షా గీసేవారికి తెలుసు, కుంటలకు చోటు అందులో ఇప్పుడే వేయవచ్చు.